మేదరవీధి మీద వచ్చిపడిన శాంతి

గెడ్డపురం మేదరవీధిలో యుద్ధం సర్దుకుంటున్న సమయంలో శాంతి వచ్చిపడింది. వస్తున్నట్టు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే జోగినాథం ఆ రోజు సెలవు పెట్టుకునేవాడు.

జోగినాథం పురపాలక సంఘం కార్యాలయంలో మేనేజరు. కాపురం మేదరవీధిలోనే. యుద్ధం సరిగ్గా అతని గుమ్మం ముందు జరిగింది కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు అతనికి తెలిసినంతగా ఊళ్ళో మరొకరికి తెలియవు.

వీధి మధ్యన మంచినీళ్ళ గొట్టం పగలడంతో అది మొదలైంది. అప్పటికే నీళ్ళ శాఖకూ రోడ్ల శాఖకూ రాజధాని నుంచి రోబోలు దిగి ఉన్నాయి. "మనుషులు మధ్యాహ్నం భోజనానికి లేచిపోతారు, రోబోలు లేవవు" అని ప్రారంభోత్సవంలో ఒక పెద్దాయన సెలవిస్తే, సభికులంతా చప్పట్లు కొట్టి భోజనానికి లేచారు. నీళ్ళ శాఖ రోబోలది ముదురు వంకాయ రంగు. రోడ్ల శాఖ వాటిది కనకాంబరం రంగు. ఊరు వాటికి వంకాయలనీ కనకాంబరాలనీ పేర్లు పెట్టేసుకుంది.

వంకాయలకు ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే: ఎక్కడ గొట్టం కారితే అక్కడ తవ్వి అతుకు వెయ్యాలి. కనకాంబరాలకు ఇచ్చినదీ ఒక్కటే: రోడ్డు మీద ఎక్కడ గుంట కనబడితే అక్కడ పూడ్చి తారు పొయ్యాలి. రెండూ మంచి ఆజ్ఞలే. వంకాయలు పొద్దున్నే వచ్చి, తవ్వి, అతుకు వేసి వెళ్ళేవి. ఆ అతుకు ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. సాయంత్రానికే కనకాంబరాలు వచ్చి మట్టి పోసి, రోలరు తొక్కించి, తారు పూసి చక్కా పోయేవి. రోలరు బరువుకి అతుకు ఊడేది. తెల్లారేసరికి తారులోంచి నీళ్ళు ఊరేవి. వంకాయలు మళ్ళీ వచ్చేవి. ఒకే గొట్టాన్ని అన్నిసార్లు బాగుచేసినందుకు నీళ్ళ శాఖకూ, ఒకే గుంటను అన్నిసార్లు పూడ్చినందుకు రోడ్ల శాఖకూ ప్రశంసాపత్రాలు వచ్చాయి.

ఒక రోజు వంకాయల పని ఆలస్యమైంది. కనకాంబరాలు వేళకే వచ్చాయి. పనికి అడ్డొచ్చినదాన్ని తొలగించాలని రెంటికీ నేర్పి ఉన్నారు. కనకాంబరాలు వంకాయలను తొలగించబోయాయి. వంకాయలు కనకాంబరాలను తొలగించబోయాయి. కంకర రాళ్ళు లేచాయి. తారు డబ్బా ఒకటి ఎగిరి జోగినాథం ఇంటి గోడ మీద పడింది. మర్నాటి నుంచి అది రోజువారీ కార్యక్రమమైంది. జనం పక్కవీధుల నుంచి కుర్చీలు తెచ్చుకుని చూసేవారు. వంకాయల వైపు కొందరు, కనకాంబరాల వైపు కొందరు చేరారు. డిగ్రీ కాలేజీలో "నీరు గొప్పదా, రోడ్డు గొప్పదా" అని వక్తృత్వ పోటీ పెట్టారు. రోడ్డు గెలిచింది. గెలిచినమ్మాయికి దాహం వేస్తే మంచినీళ్ళు దొరకలేదు.

జోగినాథం భార్య కస్తూరి, గుంట తెరిచి ఉన్నప్పుడు అందులోని నీళ్ళే ముంచి, గుడ్డతో వడగట్టి, కాచి వాడుకునేది. ఎదురింటి ఎర్నమ్మ కష్టం నీళ్ళతో తీరేది కాదు. ఎర్నమ్మ ముందు గదిలో పొయ్యి పెట్టుకుని ఇడ్లీలు అమ్ముతుంది. తవ్వీ తవ్వీ పెరిగిన గుంట ఆవిడ గోడను ఆనుకుంది. నీళ్ళు ఊరీ ఊరీ గోడ కింద మట్టి జారిపోతోంది.

"మేనేజరు బావూ, యుద్దం ఏ పచ్చం గెలిసినా నా గోడ మాత్రం ఓడిపోతంది," అంది ఎర్నమ్మ ఒక పూట.

ఆ మాట జోగినాథానికి తగిలింది. నీళ్ళ శాఖ ఇంజనీరు భానోజీనీ, రోడ్ల శాఖ ఇంజనీరు హైమావతినీ ఆదివారం తన ఇంటికి పిలిచాడు. వాళ్ళిద్దరూ ఒకే భవనంలో పై అంతస్తులో ఒకరు, కింది అంతస్తులో ఒకరు పనిచేస్తారు. అప్పటిదాకా ఎదురుపడి మాట్లాడుకోలేదు. అరుగు మీద చాప వేసి, కస్తూరి ఉప్మా పెట్టింది.

"మీ అతుకు ఆరడానికి ఒక రాత్రి పడుతుందా? ఆ సంగతి మాకెవరూ చెప్పలేదేంటండీ?" అంది హైమావతి.

"మీరు అడగలేదు కదండీ," అన్నాడు భానోజీ.

"అడగాలంటే పై నుంచి రావాలి."

"చెప్పాలన్నా పై నుంచే రావాలండి."

ఉప్మా అయ్యేలోపల ఒప్పందం కుదిరిపోయింది. సోమవారం వంకాయలు తవ్వి అతుకు వేస్తాయి. అది ఆరేదాకా కనకాంబరాలు షెడ్డులోంచి కదలవు. ఆ తరవాత వచ్చి పూడుస్తాయి. వాళ్ళు వెళ్ళాక కస్తూరి పళ్ళేలు తీస్తూ, "అయిపోయిందేటండీ యుద్ధం?" అంది. "అయిపోయింది. మంగళవారం నీ కుళాయిలో నీళ్ళు చూసుకో," అన్నాడు జోగినాథం. ఉద్యోగంలో చేరాక తాను ఒక పని పూర్తి చేశానని అతనికి మొదటిసారిగా అనిపించింది.

సోమవారం వంకాయలు వచ్చి గుంట తవ్వాయి. పగిలిన చోటు బయటపడింది. పెద్ద వంకాయ పానా పట్టుకుని గొట్టం మీదికి చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడే వీధి మొగలో రెండు వ్యాన్లూ ఒక కారూ ఆగాయి. వ్యాన్లలోంచి గుండ్రటి తలకాయలతో తెల్లటి రోబోలు దిగి, గుంట చుట్టూ నిలబడి, ఒక్కసారిగా ఈల ఊదాయి. వంకాయ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. కారులోంచి రాష్ట్ర శాంతి సమన్వయ విభాగం కార్యదర్శి చిత్రాంగదరావుగారు దిగారు.

ప్రశాంత పట్టణాల వరుసలో గెడ్డపురం చివరిదిగా నిలిచిందట. పట్టణంలో ఎవరూ కొట్టుకోకపోయినా రోబోలు కొట్టుకుంటున్నాయని లెక్కల్లోకి ఎక్కిందట. దాంతో రాజధానిలో అత్యవసర సమావేశం జరిగి శాంతి మంజూరైంది. చిత్రాంగదరావుగారు ఉత్తర్వు చదివారు.

"ఇందుమూలముగా సమస్త పక్షములకు తెలియజేయునది ఏమనగా, ఈ క్షణము నుండి ఉభయ పక్షములును ఎక్కడివక్కడ, ఎట్లున్నవట్లు, యథాతథ స్థితిని పాటించవలెను. తవ్వుట, పూడ్చుట, అతుకుట మొదలగు కవ్వింపు చర్యలు తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు నిషిద్ధము."

జోగినాథం చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "అయ్యా, ఇక్కడ యుద్ధం అయిపోయిందండి. నిన్ననే రెండు శాఖలూ రాజీపడ్డాయండి. ఇంకొక్క గంట ఆగితే..."

"రాజీ ఏ వేదిక మీద జరిగింది?"

"మా అరుగు మీదండి."

"అరుగు గుర్తింపు పొందిన వేదిక కాదు. గుర్తింపు లేని వేదిక మీద కుదిరిన రాజీని మా విభాగం కుట్ర కింద పరిగణిస్తుంది," అన్నారు చిత్రాంగదరావుగారు, నొప్పించకుండా. "చూడండి, అసలు ఘర్షణకు మూలం ఏమిటి? పని. రెండు పక్షాలూ పని చెయ్యడం వల్లనే కదా ఇంతదూరం వచ్చింది? మూలాన్ని తొలగిస్తున్నాం."

అనధికారికంగానైనా శాంతి విషయంలో పూర్వానుభవం ఉంది కాబట్టి జోగినాథాన్ని అక్కడికక్కడే స్థానిక శాంతి సంరక్షణాధికారిగా నియమించారు. మేనేజరు పని దానికి అదనం.

గుంట చుట్టూ సున్నంతో గీత గీశారు. గీతకు ఇటు వంకాయలు, అటు ఉభయ పక్షాలూ ఉండాలని షెడ్డులోంచి రప్పించిన కనకాంబరాలు, చుట్టూ తెల్లవి. ఊరు తెల్లవాటిని ఇడ్లీలు అనసాగింది. ఎర్నమ్మకు అది నచ్చలేదు. "నా ఇడ్లీ ఒకరి కడుపు నింపుతాది. ఇవేటి సేస్తాయి?" అంది.

ఇవి రోజూ పొద్దున్నే రెండు పక్షాల చేత చేతులు కలిపించేవి. పెద్ద వంకాయ కుడిచేతిలో పానా ఉంది. దాన్ని దించితే యథాతథ స్థితి చెడుతుంది. అందుకని కనకాంబరం ఆ పానానే పట్టుకుని ఊపేది. తరవాత శాంతిగీతం వచ్చేది. జోగినాథం అంతసేపూ నిటారుగా నిలబడి, అది పూర్తికాగానే సంతకం పెట్టి ఆఫీసుకు పోయేవాడు.

ఒకనాటి పొద్దున అతను సంతకం పెడుతుండగా కస్తూరి ఎప్పటిలాగే బిందె తెచ్చి గుంటలో ముంచింది. ఒక ఇడ్లీ ఈల ఊదింది.

"నీటిమట్టం యథాతథ స్థితిలో భాగం. దయచేసి తిరిగి పొయ్యండి."

కస్తూరి దానివైపు చూడలేదు. మొగుడివైపు చూసింది. "మీరు చెప్పండి. పొయ్యమంటారా?"

వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. జోగినాథం సున్నపు గీతను కొంతసేపు పరిశీలించాడు. ఆపైన మెల్లగా, "పొయ్యి," అన్నాడు.

ఆవిడ బిందె బోర్లించింది. ఒక్క చుక్క మిగలకుండా విదిలించి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కూడా శాంతి నెలకొంది. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. నీళ్ళ కోసం ఊరవతల పారే గెడ్డ దాకా నడిచి వెళ్ళి వచ్చేది. జోగినాథం బిందె తెస్తానని రెండుసార్లు చెయ్యి చాపితే రెండుసార్లూ పక్కకు తప్పుకుంది.

కొన్ని వారాలకు రాజధాని నుంచి ఫోను వచ్చింది. చిత్రాంగదరావుగారు చింతాక్రాంతులై ఉన్నారు.

"జోగినాథంగారూ, మీ దగ్గర ఒక్క ఉల్లంఘన కూడా నమోదు కాలేదు."

"కాలేదండి. అంతా ప్రశాంతంగా ఉందండి."

"అదే సమస్య. ఉల్లంఘనలు లేకపోతే శాంతి రోబోలు దేన్ని అరికడుతున్నట్టు? అరికట్టకపోతే వాటిని కొనసాగించడానికి ప్రాతిపదిక ఏమిటి? శాంతిని నిలబెట్టడానికి తగుమాత్రంగా కలహం ఉండాలి. వారానికొకటి ఏర్పాటు చెయ్యండి."

జోగినాథం ఏర్పాటు చేశాడు. శుక్రవారం శుక్రవారం ఒక కనకాంబరం గుప్పెడు ఇసుక తీసి, గౌరవానికి భంగం లేకుండా, వంకాయల వైపు చల్లేది. వంకాయ అభ్యంతరం తెలిపేది. ఇడ్లీలు పరుగెత్తుకుని వచ్చి ఇద్దరి చేతులూ లాక్కుని కలిపి ఊపేవి. గొంతులు తగ్గి, చేతులు మెత్తబడేదాకా ఊపి, శాంతి నెలకొన్నట్టు రాసుకుని వదిలేసేవి. ఆ ఒక్క విద్యా వాటికి బాగా పట్టుబడింది. ఎక్కడ ఇద్దరు కాస్త గట్టిగా మాట్లాడుకున్నా పరుగెత్తుకు రావడం మొదలుపెట్టాయి. చింతపండు బేరం చేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళకు రాజీ కుదిర్చాయి.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. గొట్టంలోంచి కారేది కొంత, పైనుంచి పడేది కొంత. గుంట ఎర్నమ్మ గోడ కిందికి దూరింది. ఎర్నమ్మ తడిసిన చీరతో ఆఫీసుకు వచ్చింది. జోగినాథం కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బావూ, గోడ వొంగిపోనాది. నిన్న ఏలు పట్టిన సందులో ఇయాల సెయ్యి పడతంది. మీ యంత్రాలు దగ్గరే ఉన్నాయి కదా. ఒక్క పూట ఆ గొట్టం కట్టీమని సెప్పండి."

"చెప్పడానికి నాకు అధికారం లేదు ఎర్నమ్మా."

"మరి మీకున్న అదికారం ఏటి?"

"ఏమీ జరగకుండా చూడటం."

"అయితే సూడండి," అని ఆవిడ వెళ్ళిపోయింది.

జోగినాథం వెంటనే రాజధానికి ఫోను చేశాడు. పైవాళ్ళతో గొంతు పెంచి మాట్లాడటం అతనికి అలవాటు లేదు. ఆ రోజు మాత్రం కొంచెం పెరిగింది. చిత్రాంగదరావుగారు ఓపికగా విన్నారు.

"ఆ గోడ ఏ పక్షానికి చెందినది?"

"ఎర్నమ్మదండి. మనిషి అందులోనే ఉంటుందండి."

"ఒప్పందంలో ఆమె పక్షం కాదే! పక్షం కానివారికి నష్టం కలిగితే అది యుద్ధ నష్టం కిందికి రాదు. శాంతి నష్టం అనే పద్దు మనకింకా లేదు. పైగా గురువారం వివిధ రాష్ట్రాల నుంచి ప్రతినిధులు మీ గుంటను సందర్శిస్తున్నారు. గోడను అంతవరకూ యథాతథంగా ఉండమనండి."

గురువారం వచ్చింది. వీధికి పందిరి వేశారు. గుంట చుట్టూ బంతిపూల దండలు కట్టారు. ప్రతినిధులు మెడలో కండువాలతో గుంటలోకి తొంగిచూసి తలలాడించారు. చిత్రాంగదరావుగారు మైకు అందుకుని, "ఈ గుంట ఒక గుంట కాదు, ఒక ఆదర్శం. దీని లోతు మన సంకల్పానికి కొలమానం..." అంటుండగా ఎర్నమ్మ గోడ కూలింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిసిన మట్టిగోడ కనుక మెత్తగా, మోకాళ్ళు మడిచి కూర్చున్నట్టుగా, గుంటలోకి జారిపోయింది. దానితోపాటు పొయ్యి, పెనం, పిండి గిన్నె జారాయి. రుబ్బిన పిండి అంతా బురదనీళ్ళలో తెల్లగా పరుచుకుంది. లోపలిగది గుమ్మంలో ఎర్నమ్మ నిలబడి ఉంది. దెబ్బ తగల్లేదు. పిండి చెయ్యి అలాగే గాలిలో పెట్టుకుని, తన ఇంట్లోంచి తను నేరుగా సభను చూస్తోంది. ఏడవలేదు, తిట్టలేదు.

జోగినాథం ఆవిడ మొహం చూశాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడే. చెప్పులు విడిచి, పంట్లాం మోకాళ్ళ పైకి మడిచి, పందిరి వేసినవాళ్ళు గుంజ పక్కన మరిచిపోయిన పార తీసుకుని గుంటలోకి దిగాడు. గొట్టం మీద పడ్డ మట్టి ఎత్తి అవతలికి పొయ్యసాగాడు.

ఇడ్లీలు ఈల ఊదాయి. నాలుగైదు గుంట అంచుకు వచ్చి వంగాయి.

"ఉల్లంఘన. మీరు ఏ పక్షం?"

"ఏ పక్షమూ కాదు."

ఇడ్లీలు అటూ ఇటూ చూశాయి. రాజీ కుదర్చడానికి ఇద్దరు కావాలి. ఇక్కడ ఒక్కడే ఉన్నాడు. ఒక్కడికి ఒక్కడితో చేతులు ఎలా కలిపించాలో వాటికెవరూ నేర్పలేదు.

"జోగినాథంగారూ!" చిత్రాంగదరావుగారు మైకులోనే కేకవేశారు. "ఏమిటీ దురాగతం? తక్షణం పైకి రండి!"

ఇడ్లీలకు రెండో మనిషి దొరికాడు. రెండు ఇడ్లీలు కార్యదర్శిగారిని రెండు రెక్కలూ పట్టుకుని మర్యాదగా గుంట అంచుకు తెచ్చాయి. మరొకటి జోగినాథం చెయ్యి పట్టి పైకి లాగింది. బురద చేతినీ అత్తరు చేతినీ కలిపి ఊపాయి. "వదలండి! నేను మీ కార్యదర్శిని!" అన్నారాయన. గొంతు పెరిగింది కాబట్టి ఇంకా ఊపాయి. ఆయన నోరు మూసుకున్నాక వదిలాయి. జోగినాథం మళ్ళీ పార ఎత్తాడు. ఆయన మళ్ళీ అరిచారు. మళ్ళీ ఊపాయి. మూడోసారికి ఆయనకు సూత్రం అర్థమై, కుర్చీలో కూర్చుని రుమాలుతో చెయ్యి తుడుచుకుంటూ మౌనం వహించారు.

ఎర్నమ్మ కొంగు బిగించి గుంటలోకి దిగింది. ఇడ్లీలు ఆవిడకూ జోగినాథానికీ చేతులు కలిపించాయి. భానోజీ చొక్కా విప్పి జనం చేతికిచ్చి, "ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన పనేనండి," అంటూ దిగి, పెద్ద వంకాయ చేతిలోంచి పానా లాక్కున్నాడు. హైమావతి కంకర తట్ట అందుకుని అంచున నిలబడింది. వాళ్ళిద్దరికీ కలిపించాయి. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరూ దిగుతుంటే ఇడ్లీలు ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి ఊపిరి సలపకుండా తిరిగాయి. పారవేటుకీ పారవేటుకీ మధ్య ఒక కరచాలనం జరిగింది. వంకాయలూ కనకాంబరాలూ గీతకు అటూ ఇటూ కదలకుండా నిలబడి మనుషులు పనిచెయ్యడం చూశాయి.

జోగినాథం నడుము నిలబెట్టుకుందామని ఆగేసరికి ఎదురుగా కస్తూరి, చేతిలో తట్టతో ఉంది. చాన్నాళ్ళుగా మాట్లాడుకోని మొగుడూ పెళ్ళాలని గుర్తుపట్టడానికి ఇడ్లీకి ఏ కొలత పనికొచ్చిందో గానీ, అది వచ్చి ఇద్దరి చేతులూ కలిపి ఊపసాగింది. చేతులు మెత్తబడేదాకా వదలదు. కస్తూరి చెయ్యి చాలాసేపు బిగిసే ఉంది.

"ఆ రోజు నీ బిందె పొయ్యమని అనకుండా ఉండాల్సింది," అన్నాడు జోగినాథం, ఇడ్లీ ఊపుతుంటే మాట తెగుతూ.

"ఇప్పుడు తెలిసిందేటి?"

"అప్పుడే తెలుసు."

ఆవిడ మొహం తిప్పుకుంది. చెయ్యి మాత్రం మెత్తబడింది. ఇడ్లీ రాసుకుని వెళ్ళిపోయింది. "తట్ట పట్టండి, బరువుంది," అంది కస్తూరి.

ప్రతినిధులకు ఇదంతా ఎంతో నచ్చింది. స్థానిక ఉత్సవమనుకుని ఒకరిద్దరు బూట్లు విప్పి దిగారు. సాయంత్రానికి భానోజీ అతుకు వేశాడు. మర్నాడు అది గట్టిపడ్డాక హైమావతి దగ్గరుండి వీధివాళ్ళ చేత గుంట పూడ్పించింది. మేదరవాళ్ళు వెదురు చీల్చి తడికె అల్లి ఎర్నమ్మ ముందు గదికి గోడగా నిలబెట్టారు. కొత్త పొయ్యి వేసుకునేలోపల వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఆవిడకు ఇడ్లీలు వెళ్ళాయి. "పిండి పులవలేదు. అయినా తింతాను," అంది ఆవిడ.

కుళాయిలో నీళ్ళు వచ్చాయి. మొదట ఎర్రగా, తరవాత తేటగా. కస్తూరి బిందె నిండాక కూడా కాసేపు కట్టెయ్యకుండా నిలబడి చూసింది.

రాజధాని నుంచి రెండు ఉత్తర్వులు ఒకే రోజు వచ్చాయి. ఒక్క పగటిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ రాజీలు కుదిరిన పట్టణంగా గెడ్డపురానికి ప్రథమ బహుమతి ప్రకటించారు. చిత్రాంగదరావుగారు పత్రికలకు ఫొటోతో సహా వివరణ ఇచ్చారు. రెండో ఉత్తర్వు జోగినాథానిది. శాంతికాలంలో అనుమతి లేకుండా పని చేసినందుకు అతన్ని కొండల అవతలి పురపాలక సంఘానికి బదిలీ చేశారు. ఆ ఊళ్ళో వీధిదీపాల రోబోలకూ చెట్లు నాటే రోబోలకూ పోరు నడుస్తోందట. చెట్లు దీపాలను కప్పేస్తాయి, దీపాలు చెట్లను నరికేస్తాయి.

కస్తూరి ఉత్తర్వు చదివి, పెట్టె కిందికి దించి, దాని మీది దుమ్ము దులిపింది.

జోగినాథం ఆ ఊరి మేనేజరుకు ఫోను చేశాడు. అవతలి మనిషి నిన్నటి పోరులో కూలిన స్తంభాల సంగతి, చీకట్లో మురిక్కాలవలో పడిన వాళ్ళ సంగతి ఏకరువు పెట్టి, "సాయంగా ఎవరో వస్తారంటున్నారు గానీ ఏమో సార్," అన్నాడు నీరసంగా.

జోగినాథం అంతా విని ఒక్కటే అడిగాడు. "తెల్ల వ్యాన్లు గానీ ఏమైనా వచ్చాయా? శాంతి ఇంకా దిగలేదు కదా?"

"లేదండి. వచ్చే నెల అంటున్నారు."

"హమ్మయ్య," అన్నాడు జోగినాథం. "అయితే ఇంకా టైముంది. ఆ రెండు శాఖల ఇంజనీర్లనీ ఆదివారం ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పండి. మేం రేపు పొద్దున్న బస్సుకే బయలుదేరుతున్నాం."